మా అమ్మ కుదిర్చిన గది

మా అమ్మ మేవిస్ హోల్‌రాయిడ్ ఇరవై మూడేళ్లు ఒకే కారిడార్ తుడిచింది. షెఫీల్డ్‌లో మా ఇంటికి రెండు కొండవాలుల అవతల ఉన్న యూనివర్సిటీ వాళ్ల థార్న్‌లీ హాస్టల్లో మూడో అంతస్తు అది. పన్నెండు గదులు, రెండు స్నానాల గదులు, ఒక వంటగది. సెప్టెంబరులో పన్నెండు మంది కొత్త పిల్లలు వచ్చేవారు, జూన్‌లో వెళ్లిపోయేవారు. హాస్టల్లో చోటు మొదటి ఏడాదికే. ఆ తర్వాత ఊళ్లో ఎవరి ఇల్లు వాళ్లు వెతుక్కోవాలి.

అమ్మ పిల్లల మొహాల కంటే ముందు వాళ్ల చెత్తబుట్టలు చూసేది. పొద్దున్నే బుట్టలు ఖాళీ చేయడం ఆవిడ పని. వాటిలో ఏముందో పట్టించుకోవడం ఆవిడ స్వభావం. నాలుగో గది అమ్మాయి వారం రోజులుగా బిస్కెట్ల మీదే బతుకుతోందనీ, ఏడో గదివాడు ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు విప్పకుండానే పారేస్తున్నాడనీ ఆదివారం ఫోన్లో నాకు చెప్పేది. పేర్లు చెప్పేది కాదు, గది నంబర్లే. "పేరు చెబితే చాడీ అవుతుందే," అనేది. నేనప్పటికి నారిచ్‌లో ఒక గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఊఁ కొడుతూ, నా బట్టలు ఇస్త్రీ చేసుకునేదాన్ని.

తొమ్మిదో గది అబ్బాయికి మాత్రం పేరుండేది. గెథిన్ ప్రిచర్డ్. ఉత్తర వేల్స్‌లో పలకరాతి గనుల దగ్గర ఒక చిన్న ఊరు వాడిది. 2003లో భూగర్భశాస్త్రం చదవడానికి వచ్చాడు. బాగా పొడుగు. గుమ్మాలన్నీ తన నుదుటికి తగలడానికే కట్టినట్టు వంగి వంగి నడిచేవాడట. రెండు వారాలకోసారి వాళ్లమ్మ ఎండుద్రాక్ష రొట్టె చేసి పోస్టులో పంపేది. వాడు దాన్ని గదిలో దాచుకోకుండా వంటగది బల్ల మీద పెట్టి, పక్కన ఒక కత్తి పెట్టి వెళ్లేవాడు. సాయంత్రానికి ముక్క మిగిలేది కాదు. ఆ కత్తి కూడా వాడే కడిగేవాడు.

"తన కప్పు తను కడుక్కునే మగపిల్లాణ్ణి ఈ పదిహేనేళ్లలో వీణ్ణొక్కణ్ణే చూశానే లోరీ," అంది అమ్మ. "తనదే కాదు, అందరివీ కడుగుతాడు పిచ్చి సన్నాసి."

ఆ వంటగదిలో ఐదుగురు ఎప్పుడూ కలిసి కూర్చునేవారు. వాళ్లలో మాట చెల్లేది ఇమోజెన్‌ది. దక్షిణం నుంచి వచ్చిన పిల్ల, చురుకైనది, గలగలా మాట్లాడేది. చెడ్డది కాదని అమ్మ చివరిదాకా అంటూనే ఉండేది. గెథిన్ ఆ జట్టులో ఆరోవాడు. కనీసం తను ఆరోవాణ్ణని వాడు అనుకున్నాడు.

నవంబరు వచ్చింది. మా ఊళ్లో నవంబరంటే పిల్లలకి ఇళ్ల వేట. వచ్చి ఆరు వారాలు దాటదు, పక్కగదివాడి ఇంటిపేరు కూడా సరిగ్గా తెలీదు. అయినా వచ్చే జూలై నుంచి ఆపై జూలై దాకా ఎవరితో కలిసి ఉండాలో క్రిస్మస్ లోపే తేల్చేసుకుని, అందరూ ఒకే అద్దె కాగితం మీద సంతకాలు పెట్టేస్తారు. ఆలస్యమైతే మంచి ఇళ్లన్నీ పోతాయని భయం. ఆ భయం ఎవరు మొదలుపెట్టారో గానీ ఏటా ఇంకో వారం ముందుకు జరుగుతుంది. ఇళ్లేమో నాలుగు గదులవి, ఐదు గదులవి. స్నేహాలు ఆ కొలతకి సరిపోవు. ఏటా ప్రతి కారిడార్‌లోనూ ఎవరో ఒకరు మిగిలిపోతారు.

"మనం ఇళ్లు చూడ్డానికి ఎప్పుడెళ్దాం?" అని గెథిన్ అడిగినప్పుడు అమ్మ వంటగది నేల తుడుస్తోంది.

ఐదుగురూ బల్ల చుట్టూ ఉన్నారు. ఒకడు టోస్టర్‌లోకి తొంగి చూశాడు. అందులో ఏమీ లేదు.

"అయ్యో గెథ్, నీకెవరూ చెప్పలేదా?" అంది ఇమోజెన్. "మొన్న మంగళవారమే సంతకాలైపోయాయి. ఇల్లు ఎంత బాగుందో! కానీ ఐదే గదులు కదా... నువ్వు మీ క్లాసు వాళ్లతో వెళ్తావేమో అనుకున్నాం."

"మా క్లాసు వాళ్లు కూడా పెట్టేశారు."

"ఎవరో ఒకరు దొరుకుతార్లే. నువ్వంటే ఎవరికి ఇష్టం ఉండదు చెప్పు!"

"పర్లేదు," అన్నాడు గెథిన్. బల్ల మీది కప్పులు తీసుకెళ్లి సింకులో పెట్టి కడగడం మొదలుపెట్టాడు. ఐదు కప్పులు.

"తుడుపుకర్రతో ఒక్కొక్కళ్ల పిక్కల మీద వెయ్యాలనిపించిందే," అంది అమ్మ ఆ ఆదివారం. "కాళ్లెత్తండి అన్నాను. అంతే."

ఆ మర్నాటి నుంచి తొమ్మిదో గది చెత్తబుట్ట ఖాళీగా ఉండడం మొదలైంది. ఆపిల్ తొక్క లేదు, బిస్కెట్ కాగితం లేదు. వాళ్లమ్మ పంపిన పార్సిల్ విప్పకుండా కిటికీ దగ్గర పెట్టి ఉంది. రెండో వారం బుట్టలో చింపిన కాగితం ఒకటి దొరికింది. చదువు మానుకునేవాళ్లు నింపే ఫారం. పేరూ నంబరూ రాసి, 'కారణం' అన్నచోట ఆగిపోయాడు.

"చదవకూడదని తెలుసు," అంది అమ్మ. "చదివాను."

అక్కణ్ణుంచి ఆవిడకి ఒక్కటే దిగులు. రెండో ఏడాదికి వాడికి ఒక చోటు దొరుకుతుందా, లేక సామాను సర్దుకుని ఇంటికి పోతాడా. దారులు లేకపోలేదు. ఏజెంట్ల దగ్గర విడి గదులుంటాయి, నలుగురు కొత్తవాళ్ల మధ్య ఐదోది. ఆ మాటే చెప్పి చూసింది. "మిగిలిపోయిన గదుల్లోకి మిగిలిపోయినవాళ్లే వెళ్తారు కదా మేవిస్," అన్నాడట వాడు, అమ్మ బకెట్‌కి దారిస్తూ పక్కకి జరిగి.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ నన్నడిగింది.

"లోరీ, నీ గది ఖాళీగానే ఉంది కదే."

"ఖాళీ ఏంటమ్మా, నా పుస్తకాలున్నాయి కదా."

"పుస్తకాలు ఎక్కడన్నా ఉంటాయి. వాటికి చలేస్తుందా ఏంటి?"

"హాస్టల్ పిల్లల్ని ఇంట్లో పెట్టుకోకూడదని నీకు రూలుంది."

"జూన్ తర్వాత వాడు హాస్టల్ పిల్లాడు కాదుగా. నీ మంచం, నీ బల్ల, అంతే. నువ్వొచ్చినప్పుడు నా దగ్గర పడుకుందువు."

"ఏడాదికి రెండుసార్లు వస్తాను. నాన్న పోయాక ఆ ఇంట్లో నాదంటూ మిగిలింది ఆ గదొక్కటే. అదీ ఇచ్చెయ్యమంటావా? వద్దమ్మా."

ఫోన్లో కెటిల్ మరుగుతున్న చప్పుడు వినిపించింది.

"సరేలే," అంది. "ఊరికే అడిగాను."

ఆ గదికి మూడు గోడల నిండా పుస్తకాలు. నేను చదివిన వరసలో పెట్టుకున్నాను. పదకొండో ఏట చదివినవి తలుపు దగ్గర, ఇరవై రెండో ఏట చదివినవి కిటికీ దగ్గర. ఇంకెవరికీ అది ఒక వరసలా కనిపించదు. నాకు మాత్రం తలుపు నుంచి కిటికీ దాకా నడిస్తే పెరిగి పెద్దదాన్నయినట్టుండేది.

నేను కాదన్నాక అమ్మ తనకి తోచిన దారి పట్టింది. డిసెంబరు మొదటి వారంలో ఒక పొద్దున్న, ఐదుగురూ ఉన్న సమయం చూసి వంటగదిలోకి వెళ్లి, తుడుపుకర్ర గోడకి ఆనించి, చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది.

"మీరు తీసుకున్న ఇంటికి కింద ముందుగది ఉందా?"

"ఉంది మేవిస్, పెద్దది!" అంది ఇమోజెన్. "సోఫా వేసుకుంటాం, మా నాన్న టీవీ ఇస్తానన్నారు."

"అందులో మంచం వెయ్యండి."

"అంటే?"

"ఈ ఊళ్లో సగం ఇళ్లలో ముందుగదిలో మంచమే ఉంటుంది. ఇంటాయన కాదనడు. ఆరో అద్దె వస్తుంటే ఎవడు వద్దంటాడు? కాగితం మార్చి ఆరో పేరు రాయించండి."

"మరి మేమెక్కడ కూర్చోవాలి?"

"వంటగదిలో. ఇక్కడ కూర్చోవడం లేదూ? వాడు కడిగిన కప్పుల్లో తాగుతూ, వాళ్లమ్మ చేసిన రొట్టె తింటూ బాగానే కూర్చున్నారుగా!"

ఒకమ్మాయి ఏడ్చింది. ఇమోజెన్ మెడ దాకా ఎర్రబడింది. ఒకడు, "నిజమే, మనం చాలా చెత్తపని చేశాం," అన్నాడు. వారం తిరక్కుండా పాత కాగితం పోయి, ఆరు పేర్లతో కొత్తది వచ్చింది.

మా అమ్మ తన గురించి తను గొప్ప చెప్పుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే. "ఆరో పేరు రాశారే! నా కళ్లతో చూశాను. వాడు కాగితం పట్టుకుని కారిడార్ అంతా పరిగెత్తాడు, దీపానికి తల కొట్టుకున్నాడు. బుట్టలో ఇవాళ రెండు ఆపిల్ తొక్కలు!"

నాకు కూడా బరువు దిగినట్టయింది. నా గది నాకు మిగిలింది.

ఆ పిల్లలు సిగ్గుపడి ఒప్పుకున్నారు. ఆ సిగ్గు జూలై దాకా కూడా నిలవలేదు. ఇక్కణ్ణుంచి కొంత అమ్మ చెప్పింది, కొంత చాలా ఏళ్లకి గెథినే చెప్పాడు.

ముందుగది కిటికీ తిన్నగా కాలిబాట మీదికి ఉండేది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు దాని గట్టు మీద కూర్చునేవారు. అందుకని వాడు పగలూ రాత్రీ తెరలు వేసే ఉంచాడు. టీవీ పైన ఇమోజెన్ గదిలో పెట్టారు. సాయంత్రమైతే అందరూ అక్కడ చేరేవారు. వాడు కింద మంచం మీద కూర్చుంటే పైకప్పులోంచి నవ్వులు వినిపించేవి. మొదట్లో పైకి వెళ్లాడు. వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు జరిగి చోటివ్వాల్సి వచ్చేది, ఆ జరగడంలో ఒక నిట్టూర్పు ఉండేది. వంటగదిలో నలుగురికే కుర్చీలు. స్నేహితులు ఎవరొచ్చినా, "కూర్చోబెట్టడానికి చోటు లేదు, ఏమనుకోకండి," అని ఇమోజెన్ వాడి తలుపు ముందే చెప్పేది. కోపంగా కాదు, నవ్వుతూనే. క్రిస్మస్ నాటికి వాడికి ఆ ఇంట్లో ఇంకో పేరు వచ్చింది.

గురువారాలు క్లాసు లేనప్పుడు వాడు పాత హాస్టల్‌కి వచ్చేవాడు. పదింటికి అమ్మ దుప్పట్ల గదిలో టీ తాగే వేళకి వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చునేవాడు. చూడ్డానికి వస్తున్నాడని అమ్మ మురిసిపోయింది.

"సోఫా అని పిలుస్తారా? ఎందుకు నాన్నా?"

"నేనున్న చోట సోఫా ఉండాల్సింది కదా," అన్నాడు నవ్వుతూ.

అమ్మ కూడా నవ్వింది. వాడు వెళ్లాక, కప్పు కడుగుతూ, వాడు వారంలో నోరు విప్పి మాట్లాడేది ఈ అరగంటేనేమో అనిపించిందట.

జనవరిలో ఆవిడ మంచి కోటు వేసుకుని, అల్లం కేకు చేసుకుని ఆ ఇంటికి వెళ్లింది. ఇమోజెన్ తలుపు తీసింది.

"మేవిస్! ఎన్నాళ్లకి! రండి రండి, వర్షంలో నిలబడతారేంటి." పక్కకి తిరిగి ముందుగది తలుపు మీద దబదబా కొట్టింది. "సోఫా! లే! మీ మామ్మ కేకు తెచ్చింది!"

లోపల మిట్టమధ్యాహ్నం దీపం వెలుగుతోంది. మంచం, దాని చుట్టూ నడవడానికి మూరెడు చోటు. పాతకాలపు చలిమంట పొయ్యి గట్టు మీద వాడు ఏరుకొచ్చిన రాళ్లు, కాగితపు చీటీల మీద పేర్లతో. కిటికీ అవతల ఎవరో వీపు ఆనించి కూర్చుని ఫోన్లో గొడవపడుతున్నారు. ప్రతి మాటా వినిపిస్తోంది.

"బాగానే ఉంది మేవిస్," అన్నాడు గెథిన్. "మేడ మీద గదుల కంటే వెచ్చగా ఉంటుంది."

అమ్మ అలవాటు కొద్దీ చెత్తబుట్ట చూసింది. ఖాళీ.

"నేనే తెచ్చిపెట్టాను నీకీ గది," అంది.

"మీరు అడక్కపోతే ఇదీ లేదు కదా," అన్నాడు వాడు. మామూలుగా అన్నా, అమ్మకి ఆ మాటే గుచ్చుకుంది. కేకు కోసుకోవడానికి కత్తి వంటగదిలో ఉంది. వాడు తేవడానికి లేవలేదు. వంటగదిలో వాళ్లందరూ ఉన్నారు.

ఫిబ్రవరి చివర ఆదివారం, అమ్మ ఫోన్లో మామూలు కబుర్లన్నీ చెప్పి చివర్లో, "తొమ్మిదో గది వెళ్లిపోయాడే," అంది.

"ఏ తొమ్మిదమ్మా?"

"ఏదో ఒకటిలే," అంది. "నీకు జలుబు తగ్గిందా?"

ఆ ఈస్టర్‌కి నేను ఇంటికి వెళ్లాను. గదిలో అడుగుపెట్టగానే తెలిసింది. పుస్తకాలన్నీ ఎత్తు ప్రకారం నిలబడి ఉన్నాయి. తలుపు దగ్గర పొడుగువి, కిటికీ దగ్గరికి వచ్చేసరికి పొట్టివి.

"ఎవరు ముట్టుకున్నారు వీటిని?"

"నేనే. దుమ్ము పట్టాయి, దులిపాను."

"దులిపితే ఉన్నచోట పెట్టొద్దూ? పదకొండేళ్ల వరసమ్మా అది!"

"వరసేంటో నాకేం తెలుసు? పొడుగువన్నీ ఒకచోట ఉంటే చూడ్డానికి బాగుంటుందనుకున్నా."

"నీకు అన్నీ తుడిచి సర్దెయ్యడమే తెలుసు," అన్నాను. ఇరవై ఏళ్లు కావస్తోంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ చేతిలో ఉన్న గుడ్డ రంగు కూడా గుర్తుంది. పసుపు. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. పంతం కొద్దీ ఆ పుస్తకాల్ని మళ్లీ సర్దలేదు. అవి అలాగే ఉండిపోయాయి.

ఆ తర్వాత అమ్మ ఎవరి జోలికీ పోలేదు. బుట్టలు చూడ్డం మానలేదు గానీ నాకు చెప్పడం మానేసింది. నవంబరులో పిల్లలు ఇళ్ల మాట ఎత్తితే బకెట్ తీసుకుని కారిడార్‌లోకి వచ్చేసేదట. ఆవిడతో పనిచేసిన ఒకావిడ అమ్మ అంత్యక్రియలప్పుడు చెప్పింది. 2011లో రిటైరైంది. హాస్టల్ వాళ్లు ఒక కెటిల్ ఇచ్చారు. అది డబ్బాలోంచి తియ్యకుండా బీరువా పైన పెట్టింది. పాతది పనిచేస్తోందిగా అంది.

పోయిన మార్చిలో, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి పోయింది. ఆవిడ చిరునామాల పుస్తకంలో ఉన్న అందరికీ నేను ఉత్తరాలు రాశాను. 'ప' కింద పేరు లేని ఒక వేల్స్ చిరునామా మూడుసార్లు కొట్టేసి, మూడుసార్లు కొత్తది రాసి ఉంది. ఎవరిదో తెలియకుండానే దానికీ రాశాను.

దహనం అయ్యాక క్లబ్బు గదిలో టీ, హామ్ సాండ్‌విచ్‌లు పెట్టాం. పదిహేను మంది కూడా లేరు. నలభై ఏళ్ల మనిషి ఒకాయన గుమ్మం ఎత్తుగానే ఉన్నా వంగి లోపలికొచ్చాడు.

"మీరు లోరైన్ కదా," అన్నాడు. "నేను గెథిన్. మీ పుస్తకాలు బాగున్నాయా?"

దుఃఖంలో ఉన్నవాళ్లతో మాట కలపడం రాక ఏదో అన్నాడనుకున్నాను.

"అట్టపెట్టెల్లో సర్దినవి," అన్నాడు. "నేను వెళ్లిపోదామనుకుంటున్నానని ఒక గురువారం చెప్పాను. శనివారం ఇంటికి రమ్మన్నారు. వచ్చేసరికి మెట్ల మీద వరసగా అరటిపళ్ల పెట్టెలు, ప్రతిదాని మీదా మీ పేరు. గదిలో కొత్త దుప్పటి, బల్ల మీద దీపం. ఇవాళే వచ్చెయ్ నాన్నా అన్నారు."

"మరి?"

"ఎవరి గది అని అడిగాను. మా అమ్మాయిది అన్నారు. ఆవిడకి తెలుసా అంటే, చెబుతాలే, నేను చెబితే కాదనదు అన్నారు." చేతిలో ప్లేటు వంక చూశాడు. "ఇంకొకళ్ల గదిలో ఇంకోసారి ఉండలేకపోయాను. గుమ్మంలోంచే థాంక్స్ చెప్పేశాను. సోమవారం రెండు గంటల రైలుకి ఆవిడే వచ్చి ఎక్కించారు. దారంతా నాకు ఆ పెట్టెలే గుర్తొచ్చాయి. అన్నీ మళ్లీ ఒక్కరే పైకి మొయ్యాలి కదా అని."

అప్పటికి ఆవిడకి అరవై ఏళ్లు.

"అమ్మ నన్ను ముందే అడిగింది," అన్నాను. "మీరు ఆ ముందుగదికి వెళ్లక ముందే. నేను ఇవ్వనన్నాను."

అది ఆయనకి తెలియదు. మొహం చూస్తేనే తెలిసింది. సాండ్‌విచ్ పక్కన పెట్టేశాడు. "మీ గది కదా," అన్నాడు. క్షమించినట్టు కాదు. నిందించినట్టు కూడా కాదు. ఆయన మళ్లీ చదువుకోలేదు. నీళ్ల సంస్థలో చేరి, కొండల మీది జలాశయాల్లో నీటిమట్టాలు రాసుకునే పని చేస్తున్నాడు. ఎక్కువగా ఒక్కడే.

ఆయన రైలుకి ఇంకా రెండు గంటలుంది. ఇంటికి రమ్మన్నాను. ఏం చెయ్యాలో తెలియక, మెట్లెక్కి ఆ గది తలుపు తీశాను. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. బూట్ల వంక చూసుకున్నాడు.

"రండి," అన్నాను.

బూట్లు విప్పి, పక్కపక్కన పెట్టి, తల వంచి లోపలికొచ్చాడు. మూడు గోడలూ చూశాడు. పొడుగు పుస్తకాల దగ్గర మొదలుపెట్టి పొట్టివాటి వెంట నడిచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. బయట వాన పడుతోంది. కింది వీధుల ఇళ్లకప్పులన్నీ నల్లగా తడిసి మెరుస్తున్నాయి.

"అప్పుడు ఇంత లోపలికి రాలేదు," అన్నాడు. "ఆ కప్పుల మీదున్నవి మా వైపు పలకరాళ్లే. ఇక్కణ్ణుంచి కనిపిస్తాయని తెలీదు."

నేను కిందికి వెళ్లి టీ పెట్టాను. పాత కెటిల్లోనే. తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే, చేతులు వెనక్కి కట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా నిలబడి ఉన్నాడు.